డ్యాన్స్ చేసేవాళ్ళ మనసు గురించి: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో కొన్ని క్లాసు అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అమ్మలు అడిగినవి. కొన్ని గ్రీన్‌రూమ్‌లో పిల్లలు అడిగినవి. మరికొన్ని రాత్రి పొద్దుపోయాక పాత విద్యార్థులు వాట్సాప్‌లో పెట్టినవి. నేను కూచిపూడి నేర్పే మనిషిని, డాక్టర్ని కాను. అందుకే జబ్బులకు పేర్లు పెట్టే పని ఇక్కడ చెయ్యను. క్లాసులో, ఇంట్లో ఏం మార్చుకోవచ్చు, ఎప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి అన్నంతవరకే చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా కూచిపూడివే అయినా, భరతనాట్యం, వెస్టర్న్, సినిమా డ్యాన్స్ చేసేవాళ్ళకీ చాలావరకు పనికొస్తాయి.

మా అమ్మాయి క్లాసులో నవ్వుతూనే ఉంటుందట. టీచర్ కూడా బాగుందంటున్నారు. ఇంట్లో మాత్రం ముభావంగా ఉంటోంది. ఏది నమ్మాలి?

ఇంట్లో కనిపించేదాన్నే నమ్మండి. క్లాసులో కనిపించే ఆ ముఖం మేము నేర్పినది. కాలు నొప్పెట్టినా, అడుగు తప్పినా, పక్కపిల్ల గుద్దుకున్నా ముఖంలో తెలియకూడదని మొదటి ఏడాది నుంచే చెబుతాం. అభినయ దర్పణం అనే పాత నాట్యగ్రంథంలో పాత్రకు, అంటే నాట్యం చేసే మనిషికి, పది ప్రాణాలు చెప్పారు. జవం, స్థిరత్వం, రేఖ, భ్రమరి, దృష్టి తరవాత వచ్చేది అశ్రమం, అంటే అలసట లేకపోవడం. స్టేజి మీద అది గొప్ప గుణమే. కానీ అలసటను దాచడంలో ఇన్నేళ్ళు ఆరితేరిన పిల్ల, దిగులును దాచడానికి వేరే శిక్షణ తీసుకోనక్కర్లేదు. బయటివాళ్ళకు కనిపెట్టడం కష్టం. టీచర్లకు మరీ కష్టం.

అందుకని ముఖం వదిలేసి మిగతావి చూడండి. నిద్ర ఎలా ఉంది? కంచంలో ఎంత మిగులుతోంది? క్లాసు ఉన్న రోజే కడుపునొప్పి, తలనొప్పి వస్తున్నాయా? తను ఇష్టంగా చేసే ఐటమ్ (నృత్యం) పాట వినిపించినా పట్టించుకోవడం లేదా? స్నేహితుల ఫోన్లు ఎత్తడం లేదా? ఇలాంటివి రోజూ, దాదాపు రోజంతా, రెండు వారాలు దాటి కనిపిస్తే డాక్టర్‌కి చూపించాలి. ముందు మామూలు రక్తపరీక్షలు చేయించినా మంచిదే. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం కూడా మనిషిని ఇలాగే నీరసంగా, నిరాసక్తంగా చేస్తాయి.

ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైందే?" అంటే "ఏం లేదమ్మా" అనే వస్తుంది. క్లాసు నుంచి బండి మీద తీసుకొస్తున్నప్పుడు అడగండి. వెనక కూర్చున్న పిల్లకి తన ముఖం మీకు కనిపించదన్న ధైర్యం ఉంటుంది. ఎక్కువ మాటలు అక్కడే బయటికొస్తాయి.

ఇన్నేళ్ళుగా ప్రోగ్రామ్‌లు ఇస్తున్నా స్టేజి ఎక్కేముందు చేతులు చల్లబడతాయి, గుండె దడ. ఇది ఎప్పటికీ పోదా?

పూర్తిగా పోకపోవచ్చు. పోవాల్సిన అవసరం కూడా లేదు. ముందు పెద్ద పని ఉందని శరీరానికి తెలిసి అడ్రినలిన్ వదులుతుంది. రక్తం పెద్ద కండరాల వైపు మళ్ళుతుంది కాబట్టి వేళ్ళు చల్లబడతాయి. వేగంగా అడుగులు వేసే జతిలో వచ్చే ఆ ఊపుకీ మూలం అదే. దడ రావడం గురించి నేను కంగారుపడను. వారం ముందు నుంచే నిద్ర పట్టకపోవడం, వాంతులు, ఏదో ఒక వంకతో ప్రోగ్రామ్ మానుకోవడం మొదలైతే మాత్రం దాన్ని పట్టించుకోవాలి.

శ్వాసలో లోపలికి పీల్చేదానికంటే బయటికి వదిలేది ఎక్కువసేపు ఉండాలి. గుండెవేగం తగ్గేది అక్కడే. మా పిల్లలకి ఎనిమిది అక్షరాల, అంటే ఎనిమిది లెక్కల, ఆదితాళంలో చెబుతాను: మూడు అక్షరాలు లోపలికి, ఐదు అక్షరాలు బయటికి, నెమ్మదిగా పది ఆవర్తాలు, అంటే పది చుట్లు. తాళం మీద దృష్టి ఉంటుంది కాబట్టి భయం మీదకు పోదు.

ఇంకొకటి, హాలుకి ముందే వెళ్ళండి. కళాభారతి అయినా, సిరిపురం చిల్డ్రన్స్ ఎరీనా అయినా, గుడి మండపం అయినా, ఖాళీ స్టేజి మీద ఉత్త కాళ్ళతో ఒకసారి నడవండి. వింగ్ నుంచి మధ్యకి ఎన్ని అడుగులో లెక్కపెట్టండి. నేల జారుతోందా, గరుకుగా ఉందా, లైటు కళ్ళలో ఎక్కడ కొడుతోంది అన్నవి తెలిస్తే సగం తెలియనితనం పోతుంది. ఆ సాయంత్రం కాఫీ మానేయండి. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళు దయచేసి "టెన్షన్ పడకు" అనకండి. ఆ మాట విని టెన్షన్ తగ్గిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

దడ తగ్గడానికి సీనియర్ ఒక టాబ్లెట్ ఇచ్చింది. వేసుకోవచ్చా?

వద్దు. సాధారణంగా అలా చేతులు మారేది ప్రొప్రనలాల్. ఆస్తమా ఉన్నవాళ్ళకి అది ప్రమాదం, బీపీ తక్కువ ఉన్నవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. డాక్టర్ చూసి రాస్తే వేరే సంగతి. అప్పుడైనా మొదటిసారి వేసుకునేది ప్రోగ్రామ్ రోజు కాకూడదు.

స్టేజి మీద మధ్యలో ఒక్కసారిగా మర్చిపోయాను. అప్పటినుంచి ఆ ఐటమ్ అంటేనే భయం.

బాగా సాధన చేసిన అడుగులు ఆలోచన లేకుండా నడుస్తాయి. మధ్యలో "ఇప్పుడు కుడికాలా, ఎడమకాలా?" అని మనమే తొంగిచూస్తే ఆ వరస తెగిపోతుంది. సాధన తక్కువై మర్చిపోవడం ఒక రకం. ఇది రెండో రకం. దీనికి మళ్ళీ మళ్ళీ మొదటినుంచి చివరిదాకా చేయడం సరిపోదు. అలా చేస్తే ప్రతిసారీ మొదటినుంచి వస్తే తప్ప మధ్యభాగం గుర్తుకు రాని అలవాటు బలపడుతుంది. రెండో చరణం నుంచి మొదలుపెట్టండి. మూడో జతి నుంచి మొదలుపెట్టండి. ఎవరినైనా పాట ఎక్కడో ఒకచోట పెట్టమని, అక్కడినుంచి అందుకోండి.

తప్పాక ఏం చేయాలో కూడా సాధన చేయాలి. అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి నిలబడే భంగిమ, వదలకండి, కాళ్ళలో తాళం వదలకండి, తరవాతి తీర్మానానికో (జతి ముగింపుకో) పల్లవికో కలవండి. లైవ్ సంగీతం ఉంటే నట్టువాంగం చేసేవాళ్ళు, అంటే తాళాలు వేస్తూ జతులు చెప్పేవాళ్ళు, మిమ్మల్ని కాపాడతారు. రికార్డెడ్ ట్రాక్ అయితే ఆగదు కాబట్టి ఈ సాధన ఇంకా ముఖ్యం. మీరు కూర్చిన ఐటమ్‌లో తరవాత ఏం రావాలో మొదటి వరసలో ఉన్న పెద్దలకీ తెలియదు. ఆ వీడియో ఆ రాత్రే చూడొద్దు. మూడు నాలుగు రోజులు పోనివ్వండి.

ప్రోగ్రామ్ ముందు కళ్ళు తిరిగి చెమటలు పడుతున్నాయి. పానిక్ ఎటాక్ అంటున్నారు.

కావచ్చు. అయితే ముందు ఒకటి అడుగుతాను: మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగారా? మేకప్‌కి, జడకి, నగలకి రెండు గంటలు. కాస్ట్యూమ్ కట్టాక బాత్రూమ్‌కి వెళ్ళడం నరకం. అందుకని ఆడపిల్లలు పొద్దుటినుంచే నీళ్ళు మానేస్తారు. పైన మన విశాఖ ఉక్క. దానికి తోడు "పొట్ట కనిపిస్తుంది" అని తిండి కూడా మానేస్తే గుండె దడ, వణుకు, కళ్ళు తిరగడం ఎవరికైనా వస్తాయి. లక్షణాలు పానిక్‌లాగే ఉంటాయి.

ప్రోగ్రామ్‌కి రెండు మూడు గంటల ముందు ఇడ్లీ, పెరుగన్నం లాంటిది తినండి. తరవాత ఒక అరటిపండు. మజ్జిగలో కాస్త ఉప్పేసి గుక్కగుక్కగా తాగండి. బాత్రూమ్ అవసరాన్ని కాస్ట్యూమ్ కట్టేవాళ్ళకి ముందే చెప్పండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఉన్నట్టుండి చచ్చిపోతానేమో అన్నంత భయం, ఊపిరాడకపోవడం వచ్చి, కొద్ది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తరవాత తగ్గిపోతుంటే, మళ్ళీ వస్తుందేమోనని ఎక్కడికీ వెళ్ళలేకపోతుంటే, అది డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సిన పానిక్. దానికి మంచి చికిత్స ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం, అందులోనూ ఛాతీలో నొప్పి ఉంటే, పానిక్ అని మీరే తేల్చేసుకోకుండా గుండె పరీక్ష చేయించండి.

లావయ్యానని అందరూ అంటున్నారు. తగ్గితేనే మెయిన్ రోల్ ఇస్తారట.

ఈ మాట కొత్తది కాదు. పది ప్రాణాలు చెప్పిన అభినయ దర్పణమే నాట్యానికి పనికిరానివాళ్ళ జాబితా కూడా ఇచ్చింది. బాగా లావు, బాగా సన్నం, బాగా పొడుగు, బాగా పొట్టి, పల్చని జుట్టు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ గ్రంథం మీద నాకున్న గౌరవం చాలా పెద్దది. ఆ జాబితాను మాత్రం నేను క్లాసులోకి రానివ్వను. హస్తముద్రల దగ్గర శాస్త్రాన్ని అనుసరిద్దాం. పదమూడేళ్ళ పిల్ల నడుము దగ్గర దాని అవసరం లేదు.

నలుగురి ముందు బరువు గురించి మాట్లాడకూడదన్నది టీచర్లు పెట్టుకోవలసిన మొదటి నియమం. కాస్ట్యూమ్‌ను పిల్లకి సరిపడేలా కుట్టించాలి గాని, కాస్ట్యూమ్‌కి సరిపడేలా పిల్లను ఎండబెట్టకూడదు. పాత కాస్ట్యూమ్ పట్టడం లేదంటే టైలర్‌ని పిలవండి. ఎదిగే పిల్లలకి అది మామూలే.

అన్నం పూర్తిగా మానేయడం, తిన్నాక బాత్రూమ్‌లోకి వెళ్ళి చాలాసేపు రాకపోవడం, రోజుకి నాలుగైదుసార్లు బరువు చూసుకోవడం, అందరితో కలిసి తినకుండా తప్పించుకోవడం, ఎంత తగ్గినా ఇంకా లావుగానే ఉన్నాననడం, ఇవి డైటింగ్ దాటిపోయిన గుర్తులు. మానసిక సమస్యల్లో ప్రాణం మీదకు తెచ్చేవాటిలో తిండికి సంబంధించినవి ముందుంటాయి. "వయసు అలాంటిది, అదే తింటుందిలే" అని ఎదురుచూడొద్దు.

ప్రాక్టీస్ ఎక్కువైతే నెలసరి ఆగిపోవడం మామూలేనా?

కాదు. మూడు నెలలు రాకపోతే గైనకాలజిస్ట్‌ని కలవాలి. పదిహేనేళ్ళు వచ్చినా అసలు మొదలుకాకపోయినా అంతే. తినేదానికి, ఖర్చయ్యేదానికి పొంతన లేనప్పుడు శరీరం ముందుగా ఆపే పనుల్లో ఇదొకటి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఈ శక్తి లోటుకి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. ఇది మగపిల్లలకీ వస్తుంది. ఎముకలు బలహీనపడి సన్నటి పగుళ్ళు వస్తాయి, చిరాకు, దిగులు పెరుగుతాయి. ఎముక గట్టిపడే వయసులో పోగొట్టుకున్నది తరవాత పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

గురువుగారు బాగా తిడతారు. అందరి ముందు ఏడిపిస్తారు. అలా అయితేనే విద్య వస్తుందని మా నాన్నగారు అంటారు.

తప్పు చెప్పడం వేరు, మనిషిని అవమానించడం వేరు. "మోచెయ్యి కిందకి పడుతోంది, మళ్ళీ చెయ్యి" అని పదిసార్లు గట్టిగా అన్నా అది పాఠమే. "నీ మొహానికి సత్యభామ ఒకటా?" అంటే అందులో పాఠం లేదు. ఆ మాట విన్న పిల్లకి చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియదు, తన మొహం బాగోదని మాత్రం జీవితాంతం గుర్తుంటుంది.

మాట్లాడాలనుకుంటే పెద్దవాళ్ళు ఒంటరిగా వెళ్ళి, మర్యాదగానే మాట్లాడండి. "అమ్మాయి మీరంటే చాలా గౌరవిస్తుంది గురువుగారూ. అందరిముందు అన్నప్పుడు వారం రోజులు తేరుకోలేకపోతోంది. తప్పులు విడిగా చెబితే ఎక్కువ దిద్దుకుంటుంది" అనండి. చాలామంది గురువులు తమకు నేర్పినట్టే నేర్పుతున్నారు, అంతే. మారేవాళ్ళు ఉన్నారు. మారకపోతే క్లాసు మార్చడం గురుద్రోహం ఏమీ కాదు. కర్రతో కొట్టడం, ఎండలో నిలబెట్టడం లాంటివి అయితే మాట్లాడటం దాకా కూడా ఆగక్కర్లేదు. పిల్లలకి ఏ ఆపద వచ్చినా 1098కి ఫోన్ చేయవచ్చు.

నేర్పే నెపంతో తాకకూడని చోట తాకుతున్నాడు. ఎవరికి చెప్పాలి?

ముందు మీరు నమ్మే ఒక పెద్దమనిషికి, ఇవాళే. భంగిమ దిద్దడానికి తాకే టీచర్ అందరి ముందు, అడిగి, భుజమో మోచెయ్యో సరిచేసి వదిలేస్తారు. ఆ తేడా పిల్లలకి తెలుసు. చెప్పినప్పుడు మనం నమ్మాలి.

వయసు 18 లోపు అయితే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. ఆ విషయం తెలిసిన పెద్దవాళ్ళు పోలీసులకి చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి. "క్లాసు పరువు" కోసం దాచడం నేరం. పెద్దవాళ్ళైన ఆడవాళ్ళకయితే 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఉంది. పదిమంది కంటే తక్కువమంది పనిచేసే చోట్ల జరిగితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112.

మోకాలి దెబ్బతో ఆరు నెలలు డ్యాన్స్ వద్దన్నారు. నేనేం చేయను, నేనెవరిని అనిపిస్తోంది.

అలా అనిపించడం సహజం. ఏడేళ్ళ వయసు నుంచి సాయంత్రాలన్నీ ఒకే పనికి ఇచ్చిన మనిషికి ఆ పని ఆగితే రోజు ఆకారమే పోతుంది. స్నేహితులు కూడా క్లాసులోనే ఉంటారు కాబట్టి వాళ్ళూ దూరమవుతారు. ఇది కాలునొప్పితో పాటు వచ్చే దుఃఖం. దీనికీ సమయం ఇవ్వాలి.

ఇక్కడ అందరూ డ్యాన్సర్ సుధాచంద్రన్ గారి పేరు చెబుతారు. 1981లో ప్రమాదం తరవాత కాలు కోల్పోయి, జైపూర్ కృత్రిమ కాలుతో మళ్ళీ వేదికెక్కిన ఆమె పట్టుదలకి ఎవరైనా నమస్కరించాల్సిందే. ఆమె కథతో 1985లో తెలుగు సినిమా కూడా వచ్చింది. కానీ దెబ్బ తగిలిన మొదటి వారంలో పిల్లకి ఈ కథ చెప్పొద్దు. "ఆమె కాలు లేకుండానే చేసింది, నువ్వు లిగమెంట్‌కే ఏడుస్తావా" అన్నట్టు వినిపిస్తుంది. తొందరపడి గజ్జె కట్టి దెబ్బను పెద్దది చేసుకునేవాళ్ళు ఎక్కువగా ఇలాంటి మాటల వల్లే.

క్లాసుకి రావడం మానొద్దు. కుర్చీలో కూర్చుని నట్టువాంగం నేర్చుకోండి. సాహిత్యం అర్థం రాసుకోండి. పదాలకి, అంటే అభినయం చేసే పాటలకి, ముఖాభినయం కూర్చునే చేయొచ్చు, పాతకాలం వాళ్ళు గొప్ప అభినయం కూర్చునే చేశారు. చిన్నపిల్లలకి హస్తాలు నేర్పండి. ఫిజియోథెరపిస్ట్‌కి మాత్రం "కూచిపూడి చేస్తాను" అని ఊరుకోకుండా వీడియో చూపించండి. అరమండి, పూర్తిగా కిందకి కూర్చునే మండి, పళ్ళెం అంచుల మీద నిలబడి చేసే తరంగం చూస్తే గాని మీ మోకాలు ఏం మోస్తుందో వాళ్ళకి తెలియదు.

ప్రోగ్రామ్ బాగా అయింది. మర్నాటినుంచి అంతా ఖాళీగా, ఏడుపొస్తున్నట్టు ఉంది.

నెలల తరబడి రిహార్సల్స్, ఆ రాత్రి చప్పట్లు, పొద్దున్నే మళ్ళీ అంట్లు, అసైన్‌మెంట్లు. రంగప్రవేశం (మొదటి పూర్తి ప్రదర్శన) తరవాత దాదాపు అందరూ ఇది అంటారు. నిద్ర పూర్తిచేయండి. వారం లోపు ఏదో ఒక చిన్న పని పెట్టుకోండి, కొత్త ఐటమ్ మాత్రం వద్దు. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే మొదటి ప్రశ్న దగ్గర చెప్పిందే దీనికీ.

విషాదపాత్ర చేశాక రెండు రోజులు అందులోంచి బయటికి రాలేకపోతున్నాను.

పాత్రలోకి వెళ్ళడం మేము నేర్పుతాం. బయటికి రావడం ఎవరూ నేర్పరు, అది మా లోపం. వెళ్ళడానికి ఎంత క్రమం ఉందో చూడండి: మేకప్, గజ్జెలకి దణ్ణం, ప్రార్థన. రావడానికి కూడా అలాంటి క్రమం పెట్టుకోండి. గజ్జెలు విప్పి దణ్ణం పెట్టండి. కొబ్బరినూనెతో మేకప్ తీసేటప్పుడు ఫోన్ చూడకుండా, తొందరపడకుండా తీయండి. అసలు పేరుతో పిలిచే మనిషితో ఏదైనా పనికిమాలిన కబురు చెప్పండి. వేడిగా ఏదైనా తినండి.

పాత్ర దుఃఖం మీ సొంత దుఃఖాన్ని కదిపితే ఇవి సరిపోవు. ఇటీవల ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళకి ఆ ఏడాది అలాంటి పాత్ర ఇచ్చేముందు గురువులు ఒక మాట అడగాలి.

మా వాడు కూచిపూడి నేర్చుకుంటున్నాడు. స్కూల్లో ఆడంగి అని ఏడిపిస్తున్నారు.

కూచిపూడి తరతరాలుగా మగవాళ్ళు చేసిన కళ. ఆడవాళ్ళు ఇందులోకి వచ్చిందే గత శతాబ్దంలో. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా జడ ముందుకు వేసుకుని నడిస్తే ఊళ్ళకి ఊళ్ళు కదిలి వచ్చేవి, 1970లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఇదంతా బాబుకి చెప్పండి, సంతోషిస్తాడు. ఏడిపించేవాళ్ళకి మాత్రం ఇది పట్టదు. క్లాస్ టీచర్‌తో మీరు వెళ్ళి మాట్లాడాల్సిందే. డ్యాన్స్ క్లాసుని ఇంకో ఇద్దరు మగపిల్లలున్న చోటుకి మార్చడం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. ఇంట్లో మామయ్యలు, బాబాయిలు వేసే జోకులు కూడా ఆపించండి. స్కూలు మాటల కంటే అవే లోతుగా దిగుతాయి.

ఇంటర్ వచ్చింది. డ్యాన్స్ మాన్పించేయాలా?

పూర్తిగా మాన్పించొద్దు. వారానికి నాలుగు క్లాసులుంటే ఒకటి చేయండి. ప్రోగ్రామ్‌లు, పోటీలు ఆపండి. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిదిదాకా కుర్చీలో కూర్చునే పిల్లకి ఒంటిని కదిపే ఆ ఒక్క గంట చదువుకి అడ్డం కాదు. హాస్టల్లో వేస్తే గదిలోనైనా పావుగంట అడుగులు వేసుకోమనండి. మాన్పించక తప్పదనుకుంటే, "ర్యాంకు వస్తేనే మళ్ళీ డ్యాన్స్" అని షరతు పెట్టకండి. ర్యాంకు రాని పిల్ల రెండూ పోగొట్టుకుంటుంది.

పోటీల్లో ఎప్పుడూ రెండో బహుమతే. పాప కుంగిపోతోంది.

ఎంట్రీ ఫీజు కట్టిన ప్రతి పిల్లకీ షీల్డు ఇచ్చే పోటీలు కొన్ని, ఫలితం ముందే తెలిసిపోయే పోటీలు కొన్ని. అన్నీ అలా ఉండవు, కానీ ఏడాదికి ఒకటో రెండో మంచివి చాలు. మిగతా ఆదివారాలు పాపని బీచ్‌కి తీసుకెళ్ళండి. రికార్డుల కోసం వందలమంది కలిసి చేసే కార్యక్రమాల్లో ఎండలో గంటలు నిలబెట్టేముందు కూడా ఒకసారి ఆలోచించండి.

రీల్స్ కింద కామెంట్లు చదివి బాధపడుతోంది.

కామెంట్లు ఆపే సెట్టింగ్ ఉంది, పెట్టండి. పదమూడేళ్ళ లోపు పిల్లలకి సొంత ఖాతా ఆ కంపెనీల నిబంధనల ప్రకారమే కుదరదు.

ఈవెంట్లు, సంగీత్‌లు, సినిమా గ్రూపుల్లో చేస్తాను. రాత్రిళ్ళు పని, డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. మందు అలవాటవుతోంది.

డ్యాన్సర్ల మానసిక ఆరోగ్యం అనగానే అందరూ పట్టుచీరలూ గజ్జెలూ ఊహించుకుంటారు గాని, ఈ ఊళ్ళో డ్యాన్స్ మీద బతికేవాళ్ళలో మీలాంటివాళ్ళు చాలామంది. డబ్బు అనిశ్చితి వల్ల వచ్చే ఆందోళనకి ధ్యానం చేయమని చెప్పడం నాకు ఇబ్బందిగా ఉంటుంది. ముందు అడ్వాన్స్ తీసుకోకుండా బండి ఎక్కకండి. రేటు, టైము, భోజనం, తిరుగు ప్రయాణం వాట్సాప్‌లో రాయించుకోండి. నిద్ర పగలైనా సరే, ఒకే వేళకి, చీకటి చేసుకుని పడుకోండి. నిద్ర రావడానికే మందు తాగాల్సి వస్తోందంటే అది చికిత్స ఉన్న సమస్య. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, కాబట్టి డాక్టర్ సాయంతోనే మానాలి.

విశాఖలో ఎక్కడికి వెళ్ళాలి? ఖర్చు ఎంత?

గడప దాటకుండా మొదలుపెట్టాలంటే టెలీ మానస్: 14416, లేదా 1800-89-14416. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే డాక్టర్‌కి కలుపుతారు. "ఇంత చిన్నదానికి ఫోన్ చేయొచ్చా" అనుకోకండి.

వాల్తేరు ప్రాంతంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఊళ్ళో వేళాకోళానికి దాని పేరు వాడీ వాడీ మనమే అక్కడికి వెళ్ళలేని పరిస్థితి తెచ్చుకున్నాం. నిద్రపట్టనివాళ్ళు, ఆందోళన ఉన్నవాళ్ళు కూడా అక్కడ ఓపీలో చూపించుకుంటారు. ప్రైవేటులో సైకియాట్రిస్టులు చాలామంది ఉన్నారు.

ఎవరు ఏమిటో తెలుసుకోండి. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తరవాత మనోవైద్యం చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతో, పద్ధతులతో చికిత్స చేస్తారు. వాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడం మీ హక్కు. రెండు వారాంతాల కోర్సు చేసి కౌన్సెలర్ బోర్డు పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి అడగాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు రోజుకి ఎన్ని గంటలు ప్రాక్టీస్, ఏం తింటారు, ఏం దెబ్బలున్నాయి అన్నీ చెప్పండి. "డ్యాన్స్ మానేయండి, సరిపోతుంది" అని ఐదు నిమిషాల్లో తేల్చేస్తే ఇంకొకరిని కలవండి.

నలుగురికీ తెలిస్తే పెళ్ళి సంబంధాలు...

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టర్ బాధ్యత. మైనర్లయితే తల్లిదండ్రులకి తెలుస్తుంది. మిగతా నలుగురికీ చెప్పేది సాధారణంగా మన చుట్టాలే.

మందులు వాడితే డ్యాన్స్ చేయలేనా?

చాలామంది చేస్తున్నారు. కొన్ని మందులు మొదట్లో మగత, నోరెండిపోవడం, సన్నటి వణుకు తెస్తాయి, కొన్నిటితో బరువు పెరగొచ్చు. డ్యాన్సర్‌నని, ఫలానా తేదీన ప్రోగ్రామ్ ఉందని ముందే చెబితే డాక్టర్ దాన్నిబట్టి ఎంచుతారు. దిగులు తగ్గించే మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకే ఫలితం లేదని, లేదా బాగుందని, సొంతంగా ఆపేయకండి.

"బతకాలని లేదు" అంటోంది. ఊరికే అంటోందా?

ఊరికే అనుకోవద్దు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. సాధారణంగా బరువు దిగినట్టవుతుంది. తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో మాత్రలు, పురుగుమందులు అందకుండా దాచండి. వెంటనే 14416కి ఫోన్ చేయండి. ఇప్పుడే ప్రమాదం అనిపిస్తే 112, లేదా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీ. పోలీసు కేసు అవుతుందని భయపడి ఆగొద్దు. 2017 చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

డ్యాన్సే మనసుకి మందు అంటారు కదా?

చాలామందికి ఊరట, నిజమే. వ్యాయామం, సంగీతం, తోటివాళ్ళు ఒకేచోట దొరుకుతాయి. కానీ దిగులుకి మూలం ఆ క్లాసులోనే ఉంటే? అందుకని "ఇంకాస్త సాధన చెయ్యి, అంతా పోతుంది" అనే సలహా ఇచ్చేముందు, ఇబ్బంది ఎక్కడిదో అడగండి. నాట్యాన్ని చికిత్సగా వాడే శిక్షణ పొందినవాళ్ళు వేరే ఉంటారు. మామూలు డ్యాన్స్ క్లాసు అదే పని చేస్తుందని మేము బోర్డు మీద రాసుకోకూడదు.

నాకు నలభై రెండు. పెళ్ళితో మానేశాను. ఇప్పుడు మళ్ళీ మొదలుపెడితే టెన్షన్లు తగ్గుతాయని ఆశ. నవ్వుతారేమో.

నవ్వేవాళ్ళు మొదటి వారం నవ్వుతారు, తరవాత వాళ్ళ చెల్లెల్ని తీసుకొచ్చి చేర్పిస్తారు. ముందు మోకాళ్ళు, బీపీ, షుగర్ చూపించుకుని రండి. పిల్లల బ్యాచ్‌లో కలవొద్దు, పెద్దవాళ్ళ బ్యాచ్ ఉన్న చోటు చూసుకోండి. పిల్లల వేగం చూస్తే లేనిపోని దిగులు. గచ్చు నేల ఉన్న క్లాసు కంటే చెక్క నేలో మందపాటి మ్యాటో ఉన్నది మేలు. మొదటి నెల సగం అరమండి చాలు. గజ్జెలు అప్పుడే కొనకండి, పాతవి అటక మీద ఉండే ఉంటాయి.